బీప్ మోగుతూనే ఉంటుంది, తల ఎవరూ తిప్పరు

కోకాపేటలో మేం కడుతున్న టవర్ల దగ్గరికి ఉదయం ఎనిమిదింటికి వచ్చి, గేటు పక్కన నిలబడి కాసేపు వినండి. రెడీమిక్స్ లారీ ఒకటి కాంక్రీటు పంపు వైపు వెనక్కి వస్తుంటుంది. ర్యాంపు మీద మట్టి టిప్పర్లు. స్టీలు తెచ్చిన ట్రైలర్ మలుపు తిరగలేక ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. కింద సెల్లార్లో జేసీబీ. అన్నిటిదీ ఒకటే గొంతు: బీప్, బీప్, బీప్. ఆ మోత మధ్యలో ఊచలు వంచేవాళ్లు వంచుతుంటారు, ఇటుకలు మోసేవాళ్లు మోస్తుంటారు. ఒక్క తల కూడా పక్కకి తిరగదు.

చూసేవాళ్లకి ఇది కూలీల నిర్లక్ష్యంలా కనిపిస్తుంది. ఆ సైటుకి సేఫ్టీ ఆఫీసరుని నేనే. నాకలా కనిపించదు. పొద్దున్నించి సాయంత్రం దాకా నాలుగు దిక్కుల నుంచీ ఒకేలా వినిపించే శబ్దాన్ని చెవి పక్కన పెట్టేస్తుంది. అలా పెట్టకపోతే ఆ మోతలో ఎవరూ పని చెయ్యలేరు. "రివర్స్ హారన్ వినపడట్లేదు" అని ఎవరైనా అంటే మన దగ్గర వెంటనే దొరికే మందు ఒకటే, ఇంకా గట్టిగా మోగేది తెచ్చి బిగించడం. దానివల్ల మోత పెరుగుతుందే గాని, ప్రాణానికి భరోసా పెరగదు. హెచ్చరిక వినపడితే సరిపోదు. అది ఎటునుంచి వస్తోందో తెలియాలి, తనకోసమే మోగుతోందని అనిపించాలి, పక్కకి జరగడానికి టైము ఇవ్వాలి. మన సైట్లలో మోగే బీప్‌కి ఈ మూడూ చేతకావు.

వెనక కూర్చున్నవాళ్లు లెక్కలోకి రారు

మాది గోదావరిఖని. మా నాన్న సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడిపేవాడు. వంద టన్నుల డంపర్ చక్రం మనిషి కన్నా ఎత్తు. క్యాబిన్‌లోకి నిచ్చెన ఎక్కి పోవాలి. అక్కడ కూర్చుంటే దూరాన ఉన్న షావెల్ స్పష్టంగా కనిపిస్తుంది, చక్రం పక్కన ఆగిన జీపు కనిపించదు. గనిలో తిరిగే జీపులకి పొడవాటి కర్ర కట్టి పైన జెండా పెట్టేది అందుకే. వెనక్కి తీసేముందు నాన్న మూడుసార్లు హారన్ కొట్టి, కాస్త ఆగి, అప్పుడు బండి కదిలించేవాడు. "కొట్టేది వాళ్లు వినాలని, ఆగేది వాళ్లు జరగాలని" అనేవాడు.

ఆ కాస్త ఆగడమే ఇప్పటి బీప్‌లో లేదు. రివర్స్ గేరు పడగానే బీప్ మొదలవుతుంది. బండి కూడా ఆ క్షణమే కదులుతుంది.

టిప్పర్ డంపరంత ఎత్తు ఉండదు. అయినా దాని వెనక డ్రైవరుకి కనిపించని జాగా చాలా ఉంటుంది. కొత్త బ్యాచ్ కూలీలు సైటుకి వచ్చినప్పుడల్లా నేనొక పని చేస్తాను. టిప్పర్ని ఆపి, ఇంజిన్ కట్టించి, తాళంచెవి నా చేతికి తీసుకుంటాను. డ్రైవరు సీట్లో కూర్చుని అద్దాల్లో చూస్తూ చెబుతుంటే, అతనికి కనపడని చోటంతా సున్నం పొడితో ముగ్గు వేస్తాను. ఆ ముగ్గులో కూలీల్ని కూర్చోబెడతాను. కొందరు ఒడిశా వాళ్లు, కొందరు శ్రీకాకుళం, కొందరు పాలమూరు, కొందరు బిహార్. "ఎంతమంది ఉన్నారు?" అని డ్రైవర్ని అడుగుతాను. అద్దాలన్నీ చూసి "ఎవరూ లేరు మేడమ్" అంటాడు. అప్పుడు వెనక కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నేను గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా అంత లోపలికి దిగదు.

ఆ ముగ్గులోకి రోజూ వచ్చేవాళ్లు ఎవరంటే, ఎక్కువగా ఆడవాళ్లు. రెడీమిక్స్ లారీ నుంచి కారిన కాంక్రీటును గీకి తట్టలోకి ఎత్తే పని వాళ్లది. దుమ్ముకి తలచుట్టూ, చెవుల మీదుగా తువ్వాలు చుట్టుకుని, లారీ వైపు వీపు పెట్టి, వంగి చేస్తారు. నిలబడ్డ మనిషి అద్దంలో కనిపించే చోట కూడా వంగిన మనిషి కనిపించదు.

ఇంకో చిన్న లెక్క. టిప్పర్ గంటకి 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడిచే వేగంతో వెనక్కి వస్తోందనుకోండి. సెకనుకి దాదాపు 1.4 మీటర్లు. 7 మీటర్ల దూరంలో ఉన్న మనిషికి మిగిలేది 5 సెకన్లు. ఆ 5 సెకన్లలో శబ్దం వినాలి, అది బండిదని పోల్చుకోవాలి, ఎటునుంచో తెలుసుకోవాలి, నెత్తిమీది తట్ట దించాలి, సరైన వైపుకి జరగాలి. ఏ ఒక్క మెట్టు దగ్గర ఆలస్యమైనా లెక్క తప్పుతుంది. పని ప్రదేశాల్లో వాహనాల వల్ల జరిగే మరణాల్లో దాదాపు నాలుగో వంతు బండి వెనక్కి వచ్చేటప్పుడు జరిగేవేనని బ్రిటన్‌లో ఆరోగ్య, భద్రతా వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ చెబుతోంది. బండి రోజు మొత్తంలో వెనక్కి నడిచేది ఎంత కొద్ది దూరమో గుర్తుంచుకుంటే ఆ నాలుగో వంతు ఎంత పెద్దదో అర్థమవుతుంది.

జపాన్‌లో పుట్టి, ఆటోనగర్ దాకా

వెనక్కి వచ్చే బండికి బీప్ పెట్టాలన్న ఆలోచన జపాన్‌ది. యమగుచి ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన మత్సుసబురో యమగుచి దాన్ని రూపొందించాడు. 1963లో మొదటి మోడల్ తయారైంది. 1976లో క్రిస్ హాన్సన్-అబాట్ అనే వ్యాపారి బ్రిటన్‌కి తీసుకొచ్చాడు. ఇవాళ విజయవాడ ఆటోనగర్లో ఏ ఎలక్ట్రికల్ షాపుకెళ్లినా రివర్స్ హారన్లు గుత్తులుగా వేలాడుతుంటాయి. బీప్ అనేవి, సినిమా పాట వాయించేవి, "అటెన్షన్ ప్లీజ్" అని ఇంగ్లీషులో చెప్పేవి. పాట వాయించేది విని ప్రమాదం అనుకునేవాళ్లు ఎవరూ ఉండరు. ఇంగ్లీషులో మాట్లాడేది బిహార్ నుంచి వచ్చిన కుర్రాడికీ అర్థం కాదు, పాలమూరు నుంచి వచ్చిన ముసలాయనకీ అర్థం కాదు. నాలుగైదు భాషలవాళ్లు పనిచేసే సైటులో హెచ్చరిక ఏ భాషలోనూ ఉండకూడదు.

మన దేశంలో భవన నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు మట్టిపని యంత్రాలకి, రవాణా వాహనాలకి సైలెన్సరు, టెయిల్ లైట్లు, బ్రేకులతో పాటు రివర్సింగ్ అలారం కూడా ఉండాలన్నాయి. చెక్‌లిస్టు పట్టుకుని వచ్చినవాళ్లు గేరు వేయించి చూస్తారు. మోగిందా, టిక్కు పడిపోతుంది. అమెరికా నిర్మాణ రంగ నిబంధన ఇంకో అడుగు ముందుకేసింది. వెనక చూపు సరిగా లేని బండికి అలారం ఉంటే చాలదు, అది చుట్టుపక్కల మోతని మించి వినపడాలి. లేదంటే, వెనక్కి రావడం క్షేమమేనని సైగ చేసే మనిషి ఉంటేనే బండి కదలాలి. ఆ మనిషి సంగతి చివర్లో చెబుతాను.

గట్టిగా మోగితే చాలదా?

చాలదు. దీనికి డెసిబెల్ లెక్క కొంచెం తెలియాలి. అలారం శక్తిని దానికి 1.2 మీటర్ల దూరంలో కొలుస్తారు. వాహన ఇంజినీర్ల ప్రమాణం ప్రకారం వాటిలో రకాలున్నాయి: 77, 87, 97, 107, 112 డెసిబెల్స్. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కాబట్టి 1.2 మీటర్ల దగ్గర 107 ఉన్న అలారం 2.4 మీటర్ల దగ్గర 101, 4.8 దగ్గర 95, 9.6 దగ్గర 89. ఆ 9.6 మీటర్ల దూరంలో ఒకాయన గ్రైండర్‌తో ఊచ కోస్తున్నాడనుకోండి. గ్రైండర్ మోతే అతని చెవి దగ్గర 95 డెసిబెల్స్ దాటొచ్చు.

ప్రమాద సంకేతాల గురించిన అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 7731. సంకేతం చుట్టుపక్కల మోత కన్నా 15 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలన్నది అందులోని ఒక కొలత. 95 మోతలో పనిచేసేవాడికి ఈ లెక్కన వినిపించాలంటే అతని చెవి దగ్గర 110 కావాలి. రోజూ అంత మోత చెవిలో పడితే కొన్నాళ్లకి అతనికి బీప్ మాత్రమే కాదు, ఏదీ సరిగ్గా వినపడదు. మోతకి మోతతో పోటీ పెడితే గెలవలేం. అదే ప్రమాణం ఇంకో దారి కూడా చూపిస్తుంది. మోత ఏ శ్రుతిలో తక్కువగా ఉందో చూసి, ఆ శ్రుతిలో సంకేతాన్ని పైకి తేవచ్చు. అప్పుడు మొత్తం మీద అంత గట్టిగా మోగనక్కర్లేదు.

చెవుల సంగతి కూడా ఉంది. కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్ పట్టేవాడికి ఇయర్‌ప్లగ్గులు ఇచ్చేది నేనే. చెవి కాపాడుకోవాలి కదా. ఆ ప్లగ్గు బ్రేకర్ మోతతో పాటు బీప్‌నీ తగ్గిస్తుంది. ఏళ్ల తరబడి మోతలో పనిచేసినవాళ్లకి వినికిడి మొదట 4000 హెర్ట్జ్ చుట్టుపక్కల దెబ్బతింటుంది. మన కూలీల్లో చాలామంది చెవి పరీక్ష ఎన్నడూ చేయించుకోలేదు. తమకి వినపడనిదేదో తమకే తెలియదు.

ఎటు నుంచి?

మామూలు బీప్‌కి ఉన్న అసలు జబ్బు ఇదే. వినపడినా, ఎక్కడినుంచో చెప్పదు.

మన తల వెడల్పు దాదాపు 18 సెంటీమీటర్లు. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవిని చేరాక ఎడమ చెవిని చేరడానికి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ తేడా ఒక సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువే, అయినా మెదడు దాన్ని పట్టుకుంటుంది. ఇది ఒక ఉపాయం. రెండోది, తల అడ్డం వల్ల దూరపు చెవికి శబ్దం కొంచెం తగ్గి వినపడటం. 1907లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త లార్డ్ రేలీ ఈ రెండు ఉపాయాల్నీ కలిపి వివరించాడు. మొదటిది తక్కువ శ్రుతి శబ్దాలకి బాగా పనిచేస్తుంది, దాదాపు 1500 హెర్ట్జ్ దాకా. రెండోది ఎక్కువ శ్రుతి శబ్దాలకి, 3000 హెర్ట్జ్ దాటాక బాగా అందుతుంది. మధ్యలో ఉన్న శ్రుతుల్లో రెండూ బలహీనమే. సైట్లలో వినిపించే బీపర్లు ఎక్కువగా 1000 హెర్ట్జ్‌కి కాస్త పైన, ఒకే ఒక్క శ్రుతిలో మోగుతాయి. అంటే చెవి తడబడే చోటుకి అంచునే ఉన్నాయి.

ఇంక ముందు, వెనక సంగతి. నెత్తి వెనక నుంచి వచ్చే శబ్దం రెండు చెవుల్నీ ఒకేసారి చేరుతుంది. ముందు నుంచి వచ్చేదీ అంతే. ఈ రెండిటినీ వేరుచేసేది బయటి చెవి మడతలు. ఎక్కువ శ్రుతి శబ్దాలు ఆ మడతల మీద పడి ముందునుంచి వస్తే ఒకలా, వెనకనుంచి వస్తే ఒకలా మారతాయి. ఒంటి శ్రుతి బీప్‌లో అలా మారడానికి ఏమీ ఉండదు. చెవుల్ని పూర్తిగా కప్పే ఇయర్‌మఫ్ పెట్టుకుంటే మడతల సాయం అసలే ఉండదు. ఫలితం ఏమిటంటే, బండి వీపు వెనక ఉంటే మనిషి ఎదురుగా ఎక్కడో వెతుకుతాడు. ఏమీ కనపడకపోతే తనది కాదనుకుని మళ్లీ పనిలో పడతాడు.

సెల్లార్లో ఇది ఇంకా ఘోరం. మూడువైపులా కాంక్రీటు గోడలు. ఒకే శ్రుతి శబ్దం గోడలకి, నేలకి కొట్టుకుని తిరిగొచ్చి తనతో తానే కలుస్తుంది. కొన్నిచోట్ల రెట్టింపవుతుంది, కొన్నిచోట్ల రద్దయిపోతుంది. కెనడాలో వృత్తి భద్రతా పరిశోధన సంస్థ ఐఆర్ఎస్ఎస్‌టీ, ఒటావా విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి బండ్ల వెనక అడుగడుగునా కొలిచారు. ఒంటి శ్రుతి బీప్ కొద్ది దూరంలోనే 15 డెసిబెల్స్‌కి పైగా పెరిగి తగ్గుతోందని తేలింది. మీరే చూడొచ్చు. ఏదైనా లారీ నిలబడి బీప్ కొడుతుంటే దాని వెనక దూరంగా, క్షేమమైన చోట నిలబడి తలని మెల్లగా పక్కకి జరపండి. ఒకచోట చెవిలో గుచ్చుకుంటుంది, జానెడు జరిగితే మెత్తబడుతుంది. బండి దగ్గరికి వస్తుంటే శబ్దం పెరగాలి కదా. ఇక్కడ బండి దగ్గరవుతుంటే శబ్దం తగ్గిన సందర్భం కూడా ఉంటుంది. వెనక ఉన్నవాడు బండి దూరంగా పోతోందనుకుంటాడు.

బుస హారన్

ఈ జబ్బుకి మందు ఈ శతాబ్దం మొదట్లో బ్రిటన్ నుంచి వచ్చింది. దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అలారం అంటారు, వైట్ సౌండ్ అని కూడా పిలుస్తారు. ఒకే శ్రుతికి బదులు తక్కువ నుంచి ఎక్కువ దాకా ఎన్నో శ్రుతుల్ని ఒకేసారి వదులుతుంది. వినడానికి "ష్, ష్, ష్" అన్నట్టుంటుంది. మా సైటులో కొన్ని బండ్లకి పెట్టించాం. కూలీలు దానికి పాము బుసలా ఉందని "బుస హారన్" అని పేరు పెట్టారు. ఆ పేరే ఖాయమైంది.

అన్ని శ్రుతులూ ఉన్నాయి కాబట్టి చెవికి పైన చెప్పిన ఉపాయాలన్నీ ఒకేసారి అందుతాయి. ఎడమా కుడా, ముందా వెనకా అన్నది తేలిగ్గా తెలుస్తుంది. గోడలకి కొట్టుకుని కలిసినప్పుడు ఒక శ్రుతి రద్దయినా మిగతావి నిలబడతాయి కాబట్టి బండి వెనకంతా దాదాపు సమంగా వినపడుతుంది. కెనడా పరిశోధకుల కొలతల్లోనూ ఈ రెండు విషయాలూ తేలాయి. ఇంకో లాభం, ఎక్కువ శ్రుతులు దూరం పోయేకొద్దీ త్వరగా అణిగిపోతాయి. బండి వెనక ఉన్నవాడికి సూటిగా తగులుతుంది, రోడ్డవతల అపార్టుమెంటులో నిద్రపోతున్నవాళ్లని అంతగా సతాయించదు.

లోపాలూ ఉన్నాయి. మొదట్లో మా కూలీలు దాన్ని హెచ్చరిక అనుకోలేదు. బ్రేకు పైపులో గాలి లీకవుతోందనుకున్నారు. ఒక మేస్త్రీ అయితే కంప్రెసర్ ఆపేసి గొట్టాలన్నీ వెతికించాడు. కొత్త శబ్దం తెచ్చేటప్పుడు టూల్‌బాక్స్ మీటింగులో, అంటే పొద్దున పని మొదలయ్యేముందు అందరూ నిలబడి వినే ఆ కాస్త సమయంలో, బండిని ముందు పెట్టి మోగించి చూపించాలి. "ఈ శబ్దం వస్తే బండి వెనక్కి వస్తున్నట్టు" అని వాళ్లవాళ్ల భాషల్లో చెప్పించాలి. రెండోది, ఎక్కువ శ్రుతులు అడ్డం వస్తే వంగి పోలేవు. అలారాన్ని బంపరు లోపల, చక్రం వెనక దాచి బిగిస్తే దాని మేలంతా పోతుంది. మూడోది ఖరీదు, మామూలు బీపర్ కన్నా ఎక్కువ.

బిగింపు, బురద, వైరు

మంచి అలారం కొన్నాక కూడా దాన్ని పాడుచేసే దారులు మా దగ్గర చాలా ఉన్నాయి. చుట్టూ మోతని తానే విని, దానికన్నా కొద్దిగా, 5 నుంచి 10 డెసిబెల్స్ పైకి తన గొంతు సర్దుకునే అలారాలు వచ్చాయి. పగలు గట్టిగా, రాత్రి మెల్లగా మోగుతాయి. ఆలోచన చాలా బాగుంది. కానీ దాని మైకు రంధ్రంలో సిమెంటు నీళ్లు ఎండి గడ్డకడితే అది చుట్టూ నిశ్శబ్దమే అనుకుని గొణుగుతుంది. టిప్పర్లకైతే వానాకాలంలో వెనకభాగమంతా బురద పూతే. కాబట్టి వారానికోసారి బండి కడిగేటప్పుడు అలారం మూతి కూడా తుడవాలన్నది మా చెక్‌లిస్టులో చేర్చాం.

అసలైన సమస్య వైరు. హైదరాబాద్‌లో పగటిపూట భారీ వాహనాలకి ఆంక్షలు ఉంటాయి. అందుకని మట్టి తరలింపు, కాంక్రీటు పోత చాలావరకు రాత్రే. చుట్టూ అపార్టుమెంట్లు. నివాస ప్రాంతాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతాయి. బీప్‌తో నిద్ర చెడిన మనిషి బాల్కనీలోకి వచ్చి అరుస్తాడు, పోలీసులకి ఫోన్ చేస్తాడు. మర్నాటి నుంచి డ్రైవరు అలారం వైరు పీకి పక్కకి కట్టేస్తాడు. చీకట్లో, నిద్రమత్తులో, అలారం లేకుండా టిప్పర్ వెనక్కి వస్తుంటుంది. నాకు డ్రైవరు మీదా కోపం రాదు, బాల్కనీలో ఉన్నాయన మీదా రాదు. ఒకే శబ్దంతో పగలూ రాత్రీ, సైటునీ వీధినీ కలిపి కొట్టే పద్ధతే తప్పు. రాత్రి తిరిగే బండ్లకి బుస హారనో, తనంతట తాను సర్దుకునేదో పెట్టాలి. దానికి తోడు మెరిసే లైటు, కూలీలకి మెరిసే పట్టీల జాకెట్లు ఉండాలి. వైరు పీకాల్సిన అవసరం రాకుండా చేస్తే వైరు ఎవరూ పీకరు.

సైటులో ఏ అలారం పనిచేస్తోందో తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. బండిని కదలకుండా ఆపి, చక్రాలకి అడ్డు పెట్టి, అలారం మోగించండి. చుట్టూ రోజూ ఉండే మోత ఉండనివ్వండి. గ్రైండర్ నడవనివ్వండి. బండి వెనక 7 మీటర్ల దూరంలో ఒక కూలీని రోజూ పెట్టుకునే ఇయర్‌ప్లగ్గులతో, కళ్లు మూయించి, రెండుమూడు సార్లు గుండ్రంగా తిప్పి నిలబెట్టండి. శబ్దం ఎటునుంచి వస్తోందో వేలితో చూపించమనండి. వేలు బండి వైపు చూపిస్తే ఆ అలారం పాసైనట్టు. సైటు మారినా, మోత మారినా మళ్లీ చూడాలి.

తక్కువ మోగితేనే విలువ

ఇప్పటిదాకా చెప్పిందంతా శబ్దాన్ని మెరుగుపరచడం గురించి. కానీ ఎంత మంచి హారనైనా పది బండ్లకి పెట్టి రోజంతా మోగిస్తే మళ్లీ అదే గతి. చెవి దాన్నీ పక్కన పెట్టేస్తుంది. హెచ్చరికకి విలువ రావాలంటే అది అరుదుగా రావాలి. అంటే బండ్లు వెనక్కి రావడమే తగ్గాలి.

ఇది సైటు మొదలుపెట్టే రోజున కాగితం మీద తేలాల్సిన విషయం. లోపలికి ఒక గేటు, బయటికి ఒక గేటు ఉండి, మధ్యలో దారి గుండ్రంగా తిరిగితే టిప్పర్ మట్టి నింపుకుని ముందుకే వెళ్లిపోతుంది. రెండు గేట్లకి జాగా లేకపోతే బండి తిరగడానికి ఒక చోటు వదలాలి. ఇటుకలు, స్టీలు ఎక్కడ దించాలో ముందే గీస్తే ట్రైలర్ ముందుకీ వెనక్కీ జరగక్కర్లేదు. మనుషులు నడిచే దారిని బండ్ల దారి నుంచి విడదీసి మధ్యలో గట్టి బారికేడ్ పెట్టాలి. ప్లాస్టిక్ రిబ్బను కడితే దాన్ని ఎత్తి కిందనుంచి దూరిపోతారు. భోజనాల జాగా, మంచినీళ్ల డ్రమ్ము, బాత్రూములు బండ్ల దారికి అవతల పెడితే రోజూ ప్రతి మనిషీ ఆ దారిని దాటాల్సిందే. నేను కొత్త సైటుకి వెళ్తే మొదట అడిగేది డ్రమ్ము ఎక్కడ పెడతారని. దాన్ని ఇవతలికి జరిపితే చాలా దాటడాలు తప్పుతాయి, ఖర్చేమీ ఉండదు.

రాడార్‌తోనో కెమెరాతోనో వెనక నిజంగా మనిషి ఉంటేనే మోగే పరికరాలు కూడా ఉన్నాయి. కార్లలో వీటి చిన్న తమ్ముళ్లు మనకి తెలుసు. 2019 జూలై 1 నుంచి తయారయ్యే కొత్త కార్లకి రివర్స్ పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. కారు కొన్నవాడి బంపరుకి గీత పడకుండా ఇంత ఏర్పాటు ఉంది. ఇరవై టన్నుల టిప్పర్ వెనక వంగి కాంక్రీటు ఎత్తే మనిషికి కూడా అలాంటిది అడగడంలో అత్యాశేమీ లేదు.

ఇవేవీ ఇంకా రాని సైటులో కూడా ఒక్క నియమం పెట్టొచ్చు. రివర్స్ గేరు వేశాక, అలారం మూడుసార్లు మోగేదాకా బ్రేకు మీద నుంచి కాలు తియ్యకూడదు. మా నాన్న పద్ధతే. కొత్త పరికరం ఏదీ కొననక్కర్లేదు.

జెండా పట్టే మనిషి

సైగ చేసే మనిషి సంగతి చెబుతానన్నాను. మన సైట్లలో ఎర్రజెండా ఎవరి చేతికిస్తారో గమనించండి. మోయలేని ముసలాయనకి, కాలు బెణికినవాడికి, నిన్ననే పనిలో చేరిన కుర్రాడికి. వేరే పని చేతకానివాడికి ఇచ్చే పని అది. శిక్షణ ఉండదు. అతను సరిగ్గా బండి వెనకే నిలబడి "రానీ రానీ, రైట్ రైట్" అని అరుస్తుంటాడు, లేదా లారీ ఒంటిమీద చేత్తో కొడుతుంటాడు. ఏసీ క్యాబిన్లో అద్దాలు ఎత్తుకుని కూర్చున్న డ్రైవరుకి ఆ అరుపు వినపడదు. అందరికన్నా ముందు చక్రం కిందికి వెళ్లే అవకాశం ఉన్నది అతనికే.

గల్ఫ్‌లో పెద్ద సైట్లలో ఈ పని చేసేవాణ్ని బ్యాంక్స్‌మన్ అంటారు. జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వెళ్లి ఆ పని చేసి వచ్చినవాళ్లున్నారు. ఒకాయన ఇప్పుడు మా సైటులో ఉన్నాడు. అక్కడ శిక్షణ ఇచ్చి కార్డు ఇచ్చారట, జాకెట్టు రంగు కూడా వేరట. "మేడమ్, అక్కడ నేను చెయ్యి ఎత్తితే బండి ఆగేది. ఇక్కడ చెయ్యి ఎత్తితే డ్రైవరు నామీద హారన్ కొడుతుండు" అన్నాడు నాతో.

ఆయన చేతే మిగతావాళ్లకి నేర్పించాను. నేర్పింది పెద్ద విద్యేమీ కాదు. బండికి సూటిగా వెనక నిలబడొద్దు, డ్రైవరు అద్దంలో కనపడేలా పక్కన నిలబడాలి. సైగ చేతులతోనే, నోటితో కాదు. ఒక బండికి ఒక్కరే సైగ చెయ్యాలి, పదిమంది కాదు. ఆ సమయంలో ఫోను జేబులోనే ఉండాలి. అద్దంలో జెండా మనిషి కనపడకుండా పోతే డ్రైవరు వెంటనే ఆపేయాలి, ఎందుకని అడగక్కర్లేదు. బీప్ ఎవరికోసం మోగుతోందో బీప్‌కి తెలియదు. జెండా మనిషికి తెలుసు. వంగి పనిచేస్తున్న ఆమె దగ్గరికి నడిచి వెళ్లి భుజం తట్టగలిగేది అతనొక్కడే.

మంచి అలారం కొనమంటే యాజమాన్యాలు ఇప్పుడు పెద్దగా కాదనడం లేదు. బిల్లు ఉంటుంది, ఫొటో తీసి చూపించడానికి వస్తువు ఉంటుంది. జెండా మనిషికి బార్‌బెండర్‌తో సమానంగా కూలీ ఇవ్వండంటే మాత్రం మూడు సంతకాలు, ఆరు ప్రశ్నలు. "నిలబడి చెయ్యి ఊపేదానికి అంత కూలీయా?" అంటారు. మా సైటులో ఇప్పటికి ఇద్దరికి ఆ కూలీ ఇప్పించగలిగాను. ఆ ఇద్దరున్న షిఫ్టులో డ్రైవర్లు చెయ్యి ఎత్తగానే ఆపుతున్నారు. మిగతావాళ్ల సంతకాల కోసం ఫైలు పెట్టాను, అడుగుతూనే ఉంటాను.